తెర వెనక మూడు పెట్టెలు

ఫాల్గుణ మాసం, ఆదివారం. ఇంట్లో ఉన్నవారు: తాతయ్య, నాయనమ్మ, నాన్న, అత్త, బొబ్బిలి మావ, నేను. లేనివారు: అమ్మ, పురిటికి పుట్టింటికి వెళ్ళింది.

ఏది రాసినా నేను ఇలాగే మొదలుపెడతాను. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆఫీసు సమావేశాలకు మినిట్స్ రాసింది నేనే. ముందు తేదీ, తర్వాత హాజరు, ఆ తర్వాతే సంగతి. ఇంట్లో రాసుకునే డైరీలోకి కూడా ఆ పద్ధతే వచ్చేసింది. అయితే పైన రాసిన ఆదివారం నా డైరీలకన్నా చాలా పాతది. అప్పటికి నాకు పదకొండో పన్నెండో ఉంటాయి. ఆ రోజు ఏమీ రాసుకోలేదు కనక ఇప్పుడు రాస్తున్నాను.

ఇప్పుడే ఎందుకంటే, పోయిన వారం మా అమ్మాయి ఇంట్లోకి స్పీకర్లు కొనాలని విజయనగరంలో ఒక దుకాణానికి నన్ను వెంట తీసుకెళ్ళింది. అద్దాల గది, మెత్తటి సోఫా, గోడ నిండా పెట్టెలు. ఫోను మీద వేలు పెడితే చాలు, ఒక జతలో పాడుతున్న పాట ఇంకో జతలోకి దూకేస్తోంది. అక్కడి కుర్రాడు ప్రతి జతకీ బేస్ ఎలా ఉందండీ, ట్రెబుల్ ఎలా ఉందండీ అని అడిగాడు. మా అమ్మాయి అంతకుముందే ఎవరెవరో రాసిన అభిప్రాయాలన్నీ చదివి వచ్చింది. నేను మొదటిదానికి బాగుంది అన్నాను. రెండోదానికీ అదే అన్నాను, మూడోదానికీ అదే. "నీకన్నీ బాగుంటాయమ్మా" అని అమ్మాయి నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. వెంటనే తాతయ్య గుర్తొచ్చాడు.

తాతయ్య వీణ చెప్పేవాడు. మా ఇల్లు విజయనగరం కోట దగ్గరి సందులో ఉండేది. తెల్లవారకముందే ముందుగదిలోంచి తీగల చప్పుడు వినబడేది. ఆ గదికి మైనం వాసన, వక్కపొడి వాసన, పాత చాపల వాసన. తాతయ్యకి మెచ్చుకోవడం తెలియదని ఊరంతా చెప్పుకునేవారు. ఎంత బాగా వాయించిన పిల్లకైనా దక్కేది ఒక "ఊఁ" మాత్రమే. దాన్ని సంపాదించుకోవడానికి పిల్లలు వేళ్ళు కోసుకుపోయేలా సాధన చేసేవారు. తప్పు వస్తే మాత్రం పక్క వీధి దాకా వినబడేది ఆయన గొంతు. బొబ్బిలిలో వీణలు చేసేవాళ్ళు కొత్త వీణ అమ్మేముందు ఆయన దగ్గరికి తెచ్చేవారు. ఆయన వాయించి చూసి, ఏ మెట్టు దగ్గరో కనుబొమ్మ ముడిచేవాడు. మైనం కరిగించి మెట్టు మళ్ళీ అతకాల్సిందే.

ఆ తాతయ్యకి వినికిడి తగ్గుతోందని ఎవరూ ప్రకటించలేదు. మాకు తెలిసింది ఆయన మెచ్చుకోవడం మొదలుపెట్టాకే. ఎవరేం వాయించినా "బాగుంది" అనేవాడు. పెద్దాయన వయసుతో మెత్తబడ్డాడని శిష్యులు సంబరపడ్డారు. వైద్యుడు చెవిలో పెట్టుకోమని ఏదో యంత్రం రాసిస్తే, గింజ నాటడానికి నా చెవేటి మడిచెక్కా అని దాన్ని బల్ల సొరుగులో పడేశాడు.

అందరికన్నా ఎక్కువ నష్టపోయింది అత్త. అత్త అంటే నాన్నకి చెల్లెలు, ఆడపిల్లల బడిలో సంగీతం చెప్పేది. వీణలో ఆమెకి తాతయ్య తప్ప వేరే గురువు లేడు. ఒకసారి పెరట్లో నాయనమ్మ పక్కన కూచుని పనసకాయ చెక్కు తీస్తూ అత్త అన్న మాట నేను విన్నాను.

"నాన్న నన్ను తిట్టి ఎన్నేళ్ళయినాదో తెలుసేటమ్మా? తప్పు వాయిస్తన్నానో ఒప్పు వాయిస్తన్నానో నాకే తెలీకుండా పోతన్నాది."

తిట్లు లేవని ఏడ్చే మనిషిని నేను అంతకుముందు చూడలేదు. ఆ రోజుల్లో నాకు బడిలోనూ ఇంట్లోనూ తిట్లకి లోటుండేది కాదు.

ఆ మాఘంలో రేడియో వాళ్ళు అత్తని పిలిచి ఆమె వీణ రికార్డు చేసుకున్నారు. ఫాల్గుణంలో ఒక సోమవారం పొద్దున్న వేస్తామని కబురు వచ్చింది. అత్తకి ఊరంతా వినాలని లేదు. తాతయ్య వినాలి, విని ఏదో ఒకటి అనాలి, అది "బాగుంది" కాకూడదు. వీణ చిన్న గొంతుది. పక్కన కూచుని వాయించినా అది తాతయ్య చెవిదాకా పోయేది కాదు. రేడియో అయితే గొంతు పెంచవచ్చు కదా అని ఆమె ఆశ. కానీ మా పాత రేడియో గుండీ సగం దాటించి తిప్పితే చాలు, డబ్బాలో గులకరాళ్ళు పోసి ఆడించినట్టు మోగేది.

నాన్న హైస్కూల్లో సైన్సు మాస్టారు. రేడియో వెనక్కి తిప్పి, దుమ్ము ఊది, అక్కడున్న రెండు కన్నాలు చూపించాడు. వేరే స్పీకరు పెట్టె తెచ్చి ఇక్కడ తగిలిస్తే లోపలి చిన్న స్పీకరు మీద భారం ఉండదని చెప్పాడు. బజార్లో రేడియో దుకాణం పెట్టుకున్నాయన నాన్న దగ్గర చదువుకున్నవాడే. కొనేముందు ఇంట్లోనే విని చూసుకోండి మాస్టారూ, దుకాణంలో వింటే ఏమీ తెలియదు అని ఆదివారం పొద్దున్నే మూడు పెట్టెలూ, ఒక రికార్డు ప్లేయరూ రిక్షాలో వేసి పంపాడు. నచ్చినది ఉంచుకుని మిగతావి తిప్పి పంపేస్తే చాలన్నాడు.

పెట్టెలు దిగేసరికి బొబ్బిలి మావ అరుగు మీదే ఉన్నాడు. ఆయనతో మాకు చుట్టరికం ఏమీ లేదు. వీణలు చేసే మనిషి, ఇంటిల్లిపాదికీ మావే. ఆ రోజు కూడా కొత్త వీణ ఒకటి దుప్పటిలో చుట్టి తెచ్చాడు. నాన్న మూడు పెట్టెల మీదా సుద్దముక్కతో అ, ఆ, ఇ అని రాశాడు. అ అన్నది పనసచెక్కతో చేసిన నున్నటి పెట్టె, కొత్త వార్నిషు వాసన వేస్తోంది. ఆ అన్నది దిమ్మలా లావుగా, బరువుగా ఉంది. ఇ అన్నది చిన్న రేకు పెట్టె, బూడిదరంగుది. ఏదో ఊరి పంచాయతీ రేడియో కోసం చేసినదట. రిక్షాలో చోటుంది కదా అని దుకాణం ఆయన అది కూడా వేశాడన్నారు.

మావ వేళ్ళు ముడిచి పెట్టెల్ని తట్టడం మొదలుపెట్టాడు. ఆయన ఏదైనా తట్టే చూస్తాడు. పనసకాయని, కుండని, కొబ్బరికాయని, దగ్గరికి వస్తే మా తలకాయల్నీ. అ పెట్టె ఖంగుమంది. ఆ పెట్టె దబ్బుమని ఊరుకుంది. రేకు పెట్టెని తట్టడానికి ఆయన చెయ్యే రాలేదు.

"సెక్కంటే ఇదీ. ఇంకేటి సూడక్కర్లేదు, ఇదే ఉంచీండి. ఆ రెండోది పీనుగు."

నాన్న వినలేదు. ముందుగదిలో నాయనమ్మ పాత నేతచీర అడ్డంగా కట్టి, మూడు పెట్టెలూ దాని వెనక పెట్టించాడు. కంటికి కనబడితే చెవి మోసపోతుందని ఆయన లెక్క. రికార్డు ప్లేయర్ని రేడియోకి కలిపి, రేడియో గుండీ ఎంత తిప్పాలో అక్కడ సుద్దతో గీత గీశాడు. ఒకటే రికార్డు, తాతయ్య ట్రంకుపెట్టెలో ఉండే పాత వీణ రికార్డు, అదీ ఒకటే చోటి నుంచి. తీగలు ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకి మార్చడం, ముల్లు మళ్ళీ మొదటికి తేవడం నా పని. చీర వెనక ఉక్కపోత. వేడెక్కిన రేడియోలోంచి కాలిన దుమ్ము వాసన. అయినా ఆ పూట నాకన్నా గొప్ప ఉద్యోగం ఎవరికీ లేదనిపించింది.

మొదట అ పెట్టె. వీణ మొదలవగానే గదంతా నిండిపోయింది. అయితే తీగ మీటిన ప్రతిసారీ వెనకాల ఇంకేదో మూలుగుతోంది. నాయనమ్మ చాలాసేపు విని, చెయ్యి అడ్డంగా ఊపింది.

"ఇది కూడా పాడతన్నాదేటి దాంతోటి? ఎవుల పాట వినాల మనం?"

నాన్న తొడ చరిచి నవ్వాడు. వీణకి చెక్క పలకాలి గానీ, ఇక్కడ పలకాల్సింది లోపలి స్పీకరు, చెక్క నోరు మూసుకుని ఉండాలి అని మావకి చెప్పబోయాడు. పుట్టినప్పటి నుంచీ పలికే చెక్క కోసం తోటలన్నీ తిరిగిన మనిషికి ఆ మాట ఎక్కలేదు. మాటాడని సెక్క పొయ్యిలోకి తప్ప దేనికి అని ఆయన వక్క నోట్లో వేసుకుని గోడవైపు తిరిగాడు.

రెండోది, ఆ అని రాసిన పెట్టె, పెట్టాక మావ తప్ప అందరి ముఖాలూ తేటపడ్డాయి. వీణ ఒక్కటే ఉంది, పెట్టె ఉన్నట్టే లేదు. ఇ పెట్టె పెట్టినప్పుడు మాత్రం రెండో వరస కూడా పూర్తి కానివ్వలేదు. రేకు మీద మేకు గీస్తన్నట్టున్నాది, ఆపండర్రా అని నాయనమ్మ చెవులు మూసుకుంది. పెరటి గోడ మీది కాకి లేచిపోయింది. నేను నవ్వు ఆపుకోలేక చీర అంచు నోట్లో కుక్కుకున్నాను.

ఇక తేలిపోయినట్టే. నాన్నా, నాయనమ్మా ఆ అని రాసిన పెట్టే అన్నారు. మావ తన పట్టు వదల్లేదు. అంతవరకూ మాట్లాడనిది అత్త ఒక్కతే.

"మనకి నచ్చినది తేలింది అన్నియ్యా. రేపు వినాల్సినది మనవేటి?"

నాన్న తగ్గు గొంతుతో ఏదో చెప్పాడు. అందరి మధ్యా కూచోబెట్టి, వినబడుతోందా లేదా అని అడిగితే ఆయన పరువేం కాను అన్నది ఆ మాటల సారం. అసలు తాతయ్యని అప్పటిదాకా వీధి అరుగు మీద ఉంచింది కూడా అందుకే. చెవులున్నవాళ్ళం చెవులు లేనాయన కోసం పెట్టె ఎంచుతున్నామని మాలో ఒక్కరికీ తోచలేదు. నాయనమ్మే దారి చెప్పింది. వినబడతన్నాదా అని అడగొద్దు, ఏ పెట్టె మంచిదో సెప్పమని అడగండి, ఎప్పుడూ ఆయనే కదా సెప్తాడు అంది.

భోజనాలయ్యాయి. ఆవ పెట్టిన పనసపొట్టు కూర, ఉలవచారు. తాతయ్య వచ్చి పడక్కుర్చీలో కూచున్నాడు. చెయ్యి కడుక్కున్నా ఆయన వేళ్ళకి ఆవ వాసన పోలేదు. కొత్త పెట్టె కొంటున్నాం, ఏది మంచిదో చెప్పమని నాన్న ఆయన చెవి దగ్గర గట్టిగా చెప్పాడు. తాతయ్య గంభీరంగా తలూపాడు. నేను చీర వెనక్కి దూరాను.

అ పెట్టె పెట్టాను. కాసేపటికి "బాగుంది" అని వినబడింది. తీగలు మార్చి ఆ పెట్టె పెట్టాను. అందరూ ఊపిరి బిగపట్టుకుని ఉన్నారని చీర ఇవతలికే తెలుస్తోంది. నాకు మాత్రం ఎదురుగా తిరుగుతున్న రికార్డు మీదే ధ్యాస. పొద్దున్నుంచీ చూస్తున్నాను. నల్లగా, మెరుస్తూ, కుమ్మరి సారెలా తిరుగుతోంది. దాని అంచు మీద వేలు ఆనిస్తే ఏమవుతుంది అన్న ప్రశ్న పొద్దున్నే పుట్టి, అప్పటికి నా వశం తప్పింది. ఆనించాను.

చంకలోంచి నీళ్ళబిందె జారినట్టు శ్రుతి కిందికి జారిపోయింది. చెయ్యి తీసేశాను. అది మళ్ళీ కుంటుకుంటూ పైకెక్కింది. "ఒసే గుంటా" అని నాన్న పళ్ళ మధ్య అనడం వినబడింది. వీపు మీద దెబ్బ పడుతుందని కాచుకున్నాను.

అప్పుడే తాతయ్య అన్నాడు, "బాగుంది. శుద్ధంగా ఉన్నాది."

చిన్నపిల్లని, నాకే అర్థమైంది. అంత దారుణంగా జారిన శ్రుతి ఆయనకి చేరలేదు. మావ తాను తెచ్చిన వీణ దుప్పటి ముడి విప్పుతున్నవాడల్లా మళ్ళీ బిగించడం చీర చిరుగులోంచి చూశాను.

అత్త లేచి చీర వెనక్కి వచ్చింది. నేను రెండు చేతులూ తలకి అడ్డం పెట్టుకున్నాను. అత్త నా పక్కన గొంతుక్కూచుని, నా చేతులు కిందికి దించింది.

"ఇందాక సేసినట్టే మళ్ళీ సెయ్యి," అంది నెమ్మదిగా. "మూడిటికీ సెయ్యి. ఆపమని ఎవులన్నా ఆపకు."

అప్పుడు నాకు లీలగా తెలిసింది. ఏది బాగుందని అడిగితే ఆయన అన్నీ బాగున్నాయనే అంటాడు. బాగులేనిది చేసి, ఏ పెట్టె దగ్గర ఆయనకి కోపం వస్తుందో చూడాలి.

మళ్ళీ అ పెట్టె నుంచి మొదలుపెట్టాను. వేలు ఆనించాను, శ్రుతి జారింది. "బాగుంది." రెండోదైన ఆ పెట్టెకి అంతకుముందు చేసినదే మళ్ళీ చేశాను. "బాగుంది." అత్త మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని నేలవైపు చూస్తోంది. ఇక మిగిలింది రేకు పెట్టె. దానికి తీగలు తగిలించడం కూడా దండగే అనుకున్నట్టు నాన్న నిట్టూర్చాడు. నాయనమ్మ ముందే చెవుల్లో వేళ్ళు పెట్టుకుంది.

ముల్లు దించాను. మేకుతో గీసినట్టే మొదలైంది. చిరుగులోంచి తాతయ్య కనబడుతున్నాడు. పడక్కుర్చీలో వెనక్కి వాలి ఉన్నవాడు మెల్లగా ముందుకు లేచాడు. ముఖం ఓ పక్కకి తిరిగింది. తొడ మీద వేళ్ళు లెక్క పెట్టడం మొదలుపెట్టాయి. అత్తకి ఆ చిరుగు అందదు. ఏటి, ఏటి అన్నట్టు నా భుజం నొక్కుతోంది. నేను రికార్డు మీద వేలు ఆనించాను.

"ఎవులే అక్కడ?" తాతయ్య గొంతు పక్క వీధి దాకా వెళ్ళి ఉంటుంది. "శ్రుతి దించీసినారు. ముందది ఆపండి. సెవుల్లేవేటి మీకు?"

చెవుల్లో వేళ్ళు పెట్టుకున్న నాయనమ్మ ఆ వేళ్ళు తియ్యకుండానే నవ్వింది. అత్త నన్ను దగ్గరికి లాక్కుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె వేళ్ళకి మైనం వాసన.

సాయంత్రం అ, ఆ పెట్టెలు రిక్షా ఎక్కాయి. మావ రేకు పెట్టెని తట్టాడు, తిప్పి మళ్ళీ తట్టాడు. అది టకటకమంది తప్ప ఏమీ చెప్పలేదు. నాన్న ఆలోచించి, వయసు ముందుగా తినేసేది సన్నటి మోతల్నే అయి ఉంటుంది, ఈ పెట్టె ఆ సన్నటి మోతల్నే పెద్దవి చేసి ఇస్తోంది, మనకి ఎక్కువైనదే ఆయనకి సరిపోయింది అన్నాడు. నాకు ఆ జవాబు చాలలేదు. తాతయ్య దగ్గరికి వెళ్ళి, రేకు పెట్టెలో వీణ ఎలా ఉంది అని అరిచి అడిగాను. ఎలాగుంటాది, వీణలాగే ఉన్నాది అన్నాడు, పిచ్చిదాన్ని చూసినట్టు చూసి.

ఆ తర్వాత ఆ రేకు పెట్టె మా ఇంట్లో చాలా ఏళ్ళుంది. అది మోగుతున్నంతసేపూ మేమంతా పెరట్లో ఉండేవాళ్ళం. చెవుల్లో దూది పెట్టుకుని చూశాను, దిండు అడ్డం పెట్టుకుని చూశాను. తాతయ్యకి వినబడిన వీణ ఎలా ఉంటుందో నాకు దొరకలేదు. ఒకే పెట్టెలోంచి వచ్చిన ఒకే మోత ఆయనకి వీణగానూ, నాకు రేకుగానూ వినబడడం నాకింకా వింతే. దుకాణాల్లో ఏది మంచి స్పీకరు అని అడిగేవాళ్ళని చూస్తే, ఎవరికి అని అడగాలనిపిస్తుంది.

మర్నాడు సోమవారం. పొద్దున్నే తాతయ్య స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, రేకు పెట్టెకి ఎదురుగా కూచున్నాడు. మేమంతా పెరట్లోకి వెళ్ళిపోయాం. వెళ్ళకుండా గడపలో నిలబడింది అత్త ఒక్కతే. రేడియోలో ఆమె పేరు చెప్పగానే ఆమె కళ్ళు మూసుకుంది. వీణ వినబడుతున్నంతసేపూ నూతి గట్టు మీద నాన్న కదలకుండా కూచున్నాడు. రాత్రి మా ఇంట్లోనే ఉండిపోయిన మావ నోట్లో వక్క నమలడం మానేశాడు. వీణ అయిపోయింది. వెనకే బజారు ధరవరలు మొదలయ్యాయి. రేడియో కట్టెయ్యాలని ఎవరికీ తోచలేదు.

నాన్న తలుపు దాకా వచ్చి, ఎలా ఉందని అడగబోయాడు. వద్దని అత్త చెయ్యి అడ్డం పెట్టింది. తాతయ్య పెట్టె మీంచి చూపు తిప్పకుండానే పిలిచాడు.

"ఒసే అమ్మీ. తానంలో ఆ తొందరేటి? నిన్నెవులేనా తరుముకొస్తన్నారేటి?"

"రికార్డు సేసినప్పుడు ఎర్ర దీపం ఎలిగింది నాన్నా. భయమేసింది."

"భయమైతే ఇంటికాడ ఉండాల. ఆ గమకం నేనలాగే సెప్పానా నీకు? సగంలో ఒగ్గీసినావు."

అత్త గడప దాటి వచ్చి ఆయన కాళ్ళ దగ్గర చాప మీద కూచుంది. గట్టిగా, ఆయనకి వినబడేలా అడిగింది.

"ఇంకేటి నాన్నా?"

ఆయన చెప్పుకుపోతున్నాడు. ఒకటి అవగానే అత్త మళ్ళీ ఇంకేటి అంటోంది. నాయనమ్మ వంటగదిలో కాఫీ రెండోసారి వెచ్చబెట్టింది. వీధిలో బడి గంట వినబడింది. ఆ పూట నన్ను బడికి పంపాలని ఎవరికీ గుర్తుకు రాలేదు.